సరుకుల చీటీ

మధ్యాహ్నం రెండున్నరైంది. శవం లేచి కూర్చుని కాఫీ తాగుతోంది. చుట్టూ ఉన్న పాతికమందీ గడియారాలు చూసుకుంటున్నారు. టొరంటో శివారు స్కార్‌బరోలో షూటింగుకని అద్దెకు తీసుకున్న ఇల్లది. నాలుగింటికల్లా ఖాళీ చేసి తాళంచెవులు ఇచ్చెయ్యాలి. పొద్దుట్నుంచి మిగతా సీన్లన్నీ సాఫీగానే అయిపోయాయి. ఆగిందల్లా ప్రేమజ్యోతి ఏడుపు దగ్గరే.

రెండు టేకులు అయ్యాయి. రెండూ పనికిరావని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. ఆ అనకపోవడమే ఆమెను భయపెట్టింది. తిట్టే డైరెక్టర్లతో ఏ గొడవా లేదు, తిట్టి మళ్లీ చేయించుకుంటారు. "చాలా బాగుంది" అని చల్లగా అనేవాళ్లతోనే చిక్కు. డైరెక్టర్ నోరా రెండుసార్లూ "చాలా బాగుంది" అనే అంది.

పద్నాలుగేళ్లుగా అమెరికా టీవీలో కనిపిస్తున్నా ప్రేమజ్యోతి వేషానికి ఒక పేరంటూ పెట్టిన పాపాన ఎవరూ పోలేదు. అమెరికా సీరియళ్లు బోలెడు ఈ టొరంటో వీధుల్లోనే తీసి, న్యూయార్క్ అనీ చికాగో అనీ చూపిస్తుంటారు. వృద్ధాశ్రమంలో కేర్ వర్కర్‌గా పనిచేసే రోజుల్లో, ఆస్పత్రి సీనులో వెనకాల నడవడానికి మనుషులు కావాలంటే, సొంత యూనిఫారం ఉంది కదా అని వెళ్లింది. అలా మొదలై నలభై ఒక్క వేషాలయ్యాయి. టాక్సీ డ్రైవర్ భార్య, రెండో నర్సు, కొట్లో ఆడమనిషి, సాక్షి తల్లి. ఒకసారి మెక్సికో వంటావిడ, ఇంకోసారి ఇరాక్ ముసలమ్మ. రేపల్లెలో ఒక్కసారే పుట్టిన మనిషిని వీళ్లు అడ్డమైన దేశాల్లోనూ పుట్టించారు. ఆఖర్న పేర్లు పడేటప్పుడు ఆమె పేరు ఎదురుగా ఎప్పుడూ ఇలాంటివే పడేవి.

ఇప్పుడు, యాభై తొమ్మిదో ఏట, పేరున్న వేషం వచ్చింది. విశాలాక్షి. హత్యకు గురైన టాక్సీ డ్రైవర్ తల్లి. పోలీసులు చేతులెత్తేస్తే కొడుకుని చంపినవాణ్ణి తనే వెతుక్కుంటూ పోతుంది, పది ఎపిసోడ్ల పాటు. సెట్‌లో ఎవరికీ నోరు తిరగక 'విషా' అంటున్నారు గానీ, కాగితం మీద మాత్రం పేరు పూర్తిగానే ఉంది. ఆ కాగితం తెచ్చి ఆమె ఇంట్లో ఫ్రిజ్‌కి అంటించుకుంది. అది అక్కడ ఉంటుందో ఊడుతుందో ఇవాళ నాలుగింటికి తేలిపోతుంది. నిన్న ఏజెంటు బార్బరా ఫోన్‌లో నీళ్లు నమలకుండా చెప్పేసింది: "ఈ ఒక్క సీను చూసి నిర్ణయిస్తారు ప్రేమా. వాంకూవర్‌లో ఇంకొకావిడని రెడీగా పెట్టుకున్నారు. దయచేసి మళ్లీ ఆ కూరగాయల గొడవ వద్దు."

కూరగాయల గొడవ ఏమిటంటే, పదమూడేళ్ల కిందట ఒక సీరియల్లో ఆమె పోలీసు మీద అరవాల్సి వచ్చింది. స్క్రిప్టులో 'తన భాషలో తిడుతుంది' అని ఉంది, అంతే. ఏం తిట్టాలో రాయలేదు, రాయడం వచ్చిన మనిషీ అక్కడ లేడు. కెమెరా తిరగ్గానే ఆమె నాలుక పిడచకట్టుకుపోయింది. లూథరన్ మిషన్ కాంపౌండులో పెరిగిన మనిషికి తిట్లెక్కణ్ణుంచి వస్తాయి? నోటికి వచ్చినవల్లా ఆ మధ్యాహ్నం భర్త క్రీస్తుదాసుకి ఫోన్‌లో చెప్పిన సరుకులే. "కందిపప్పు రెండు కిలోలు! చింతపండు! ఎండుమిరపకాయలు మర్చిపోతే గడప తొక్కొద్దు!" అని పోలీసు మొహమ్మీద వేలు పెట్టి అరిచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ ఎపిసోడ్ వచ్చిన రోజు క్రీస్తుదాసు సోఫాలోంచి కిందికి జారి మరీ నవ్వాడు. సిటీ బస్సు నడిపే మనిషి, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండేవాడు. ఆమె డైలాగులు వల్లెవేస్తుంటే వంటింటి బల్ల దగ్గర ఎదురుగా కూర్చుని, అవతలి పాత్ర మాటల్ని స్టాపుల పేర్లు చదివినట్టు చదివేవాడు. ఆమె మధ్యలో ఆగితే అందించేవాడు కాదు. "నీ వంతు జ్యోతీ" అనేవాడు. మళ్లీ ఆగితే మళ్లీ "నీ వంతు జ్యోతీ". అలాంటివాడు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేసరికి అది వాళ్లిద్దరి ఆటైపోయింది. స్క్రిప్టులో 'తన భాషలో' అని కనబడితే చాలు, ఆ వారం సరుకుల చీటీ అమెరికా అంతా వినబడేది. అర్థమయ్యేది మాత్రం సోఫాలో కూర్చున్న ఆ ఒక్కడికే.

రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో ఆయన బస్ స్టాపులో గుండె ఆగి పోయాడు. ఆస్పత్రివాళ్లు ఆమె చేతికిచ్చిన సంచీలో ఆయన వాచీ, ఉన్ని టోపీ, ఒక కరివేపాకు కట్ట ఉన్నాయి. ఆ మంచులో ఆయన్ని కరివేపాకు కోసం పంపింది తనే. ఆ సంగతి పాస్టరుగారికి చెప్పలేదు, కన్నకూతురికీ చెప్పలేదు. సమాధి ఆరాధనలో పాస్టరుగారు, నిరీక్షణ లేనివాళ్లలాగా మనం ఏడవకూడదన్నారు. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద కాబట్టి ప్రేమజ్యోతి తెల్లచీరలో ముందు బెంచీ మీద కూర్చుని పాటలన్నీ పాడింది, కంట తడి పెట్టలేదు. ఎంత విశ్వాసమో చూడండని అందరూ మెచ్చుకున్నారు. విశ్వాసమూ లేదు, ఏమీ లేదు. నోరు తెరిస్తే కరివేపాకు అని అరుస్తానేమోనని భయం.

ఆయన పోయినా ఆమె ఆ ఆట మానలేదు. మానితే ఆయన నిజంగా పోయినట్టే అనిపించింది. గత ఏడాది ఒక కోర్టు సీనులో సాక్షిని శపించాలి. "రెండు కిలోల ఉల్లిపాయలు తెమ్మంటే ఒకటే తెచ్చావు! గోంగూర ఏది? గోంగూర ఏదీ అని అడుగుతున్నా!" అని గుండెలు బాదుకుంది. తెర మీద మాత్రం ఇంగ్లీషులో 'నా బిడ్డ ఉసురు నీకు తగులుతుంది' అని పడింది. గ్వెల్ఫ్‌లో చదువుకుంటున్న తెలుగు పిల్ల ఒకతె ఆ ముక్క కత్తిరించి, అసలు మాటలు కింద రాసి నెట్‌లో పెట్టింది. వారంలో లక్షలమంది చూశారు. బస్సెక్కితే కుర్రకారు "గోంగూర ఆంటీ!" అని సెల్ఫీలకు ఎగబడ్డారు. తెలుగువాళ్లు పొట్టచెక్కలయ్యేలా నవ్వారు గానీ టీవీ కంపెనీలకు నవ్వు రాలేదు. ఏడాదిపాటు ఆమెను పిలిచినవాడు లేడు.

అందుకే ఈసారి ఈ కంపెనీ ముందే జాగ్రత్తపడింది. డైలాగులు తెలుగులోకి మార్చడానికి, నటి అందులోంచి పక్కకు పోకుండా కాపలా కాయడానికి ఒక తెలుగు మనిషిని పెట్టుకుంది. ఎవర్నయ్యా అంటే, ఆ క్లిప్పు పెట్టిన పిల్లనే. పేరు వర్షిణి. వరంగల్ అమ్మాయి. చేతిలో స్క్రిప్టూ పెన్నూ పట్టుకుని నోరా పక్కన స్టూలు మీద కూర్చుంది. "ఆవిడ స్క్రిప్టు వదిలేస్తే చెయ్యెత్తు, కెమెరా ఆపేస్తాను" అని నోరా పొద్దున్నే అందరి ముందూ చెప్పింది. ప్రేమజ్యోతి వినాలనే చెప్పింది.

ఆమె అనాల్సిన మాటలు ఎలా ఉన్నాయంటే: "ఓ నా ప్రియ కుమారుడా! నీవు లేని ఈ ప్రపంచంలో నేను ఎలా జీవించగలను? నీ హంతకుడిని నేను ఎన్నటికీ క్షమించను." ప్రేమజ్యోతి ఆ మాటల్ని రెండుసార్లూ అక్షరం పొల్లు పోకుండా అంది. కన్నీళ్లు కూడా కార్చింది, ఆ విద్య ఆమెకు కొట్టినపిండి. ఎంత కార్చినా ఆ మాటలకు ప్రాణం రాలేదు.

లైట్లు మార్చడానికి పది నిమిషాలు విరామం ఇచ్చారు. ప్రేమజ్యోతి బూట్ల అరల పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. వర్షిణి వెనకాలే వచ్చి పలకరించింది.

"ఆంటీ, సారీ ఆంటీ. ఆ క్లిప్ నేను ఊకనే పెట్టిన. గంత వైరల్ అయితదనుకోలే. మీకు ప్రాబ్లం అయితదని నిజంగ తెల్వదు."

"అయిందేదో అయింది లేమ్మా. ఈ డైలాగు నువ్వే రాశావా?"

"ఫోన్ల ట్రాన్స్‌లేట్ చేసి జర మంచిగ సెట్ చేసిన ఆంటీ. నాది మొత్తం ఇంగ్లిష్ మీడియం."

"మీ ఇంట్లో ఎవరైనా పోయారా అమ్మా?"

వర్షిణి తలదించుకుంది. "మా నానమ్మ. నిరుడు. నాకిక్కడ ఎగ్జామ్స్ ఉండె, పోలేదు. వీడియో కాల్ల చూసిన."

"ఓ నా ప్రియ మాతృమూర్తీ అని ఏడ్చారా మీవాళ్లు?"

ఆ పిల్ల నవ్వబోయి ఆగిపోయింది. "లేదాంటీ. మా మేనత్త ఏడ్చింది. నాకు మామిడికాయ తొక్కులు ఎవరు పంపుతరే అవ్వా, నీ ముక్కుపొడుం డబ్బా ఎవరికియ్యాలే అనుకుంట. చానా సేపు ఏడ్చింది."

"మా రేపల్లెలోనూ అంతేనమ్మా. మా నాయనమ్మ పేటలో ఎవరు పోయినా వెళ్లి రాగం తీసేది. పోయినోళ్లు ఏం తినేవాళ్లో, సంతకెళ్తే ఏం తెచ్చేవాళ్లో ఒక్కొక్కటీ ఎత్తి చెప్పి ఏడ్చేది. క్రైస్తవులు అట్లా ఏడవకూడదని చర్చి అయ్యగారు కోప్పడితే, దేవుడికి తెలుసులేండి అయ్యగారూ, ఊరికి తెలియొద్దా అనేది." ప్రేమజ్యోతి ఆ పిల్ల కళ్లలోకి చూసింది. "నేనట్లా ఏడిస్తే నువ్వు చెయ్యెత్తుతావా?"

వర్షిణి చేతిలో స్క్రిప్టు చూసుకుంది. "స్క్రిప్టుల లేకుంటే ఎత్తాలె గద ఆంటీ. నేను ఊకున్నా రేపు ఇంకెవరన్న క్లిప్ పెడ్తరు. అప్పుడు మీరు పోతరు, నేనూ పోత."

"అయితే ఎత్తు. నీ పని నువ్వు చెయ్యి," అంది ప్రేమజ్యోతి. ఆ పిల్ల మీద కోపంతోనే అంది. కోపం దేనికంటే, ఆ పిల్ల చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

మూడు గంటల పది నిమిషాలకు పిలిచారు. మేకప్ అమ్మాయి ఆమె నుదుటి మీద బొట్టు సరిచేసింది. వేషం కోసమే పెట్టి, బస్సెక్కేముందు తుడిచేసుకునే బొట్టు అది. శవం వేషం కుర్రాడు కాఫీ కప్పు పక్కన పెట్టి తివాచీ మీద పడుకుని కళ్లు మూసుకున్నాడు. ప్రేమజ్యోతి అతని తల పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"నాయనా," అంది. ఆ తరవాత ప్రియ కుమారుడు రావాలి, రాలేదు.

"కందిపప్పు పొయ్యి మీదే ఉంది నాయనా. ఎవరు తింటారయ్యా దాన్ని?"

ఓరకంట కనిపించింది. వర్షిణి చెయ్యి పైకి లేచింది. భుజం దాకా వచ్చింది. అయినా ప్రేమజ్యోతి గొంతు ఆపలేదు. నాయనమ్మ రాగం ఎప్పుడో పోయిందనుకుంది. అది ఎక్కడికీ పోలేదు, కడుపులోనే ఉంది.

"చింతపండు నానబెట్టాను, నానబెట్టింది నానబెట్టినట్టే ఉంది నా తండ్రీ! ఉప్పు తక్కువైందని ఒక్కనాడన్నా అన్నావా? రెండు కిలోల ఉల్లిపాయలు తెమ్మంటే మూడు మోసుకొచ్చేవాడివి గదయ్యా! గోంగూర కట్టలు విప్పి ఆకు ఆకూ చూసి తెచ్చేవాడివి గదయ్యా! ఇంక చీటీ ఎవరికి రాయను? సంచీ ఎవరి చేతికియ్యను? ఇంత మంచులో, ఇంత చలిలో, నిన్ను ఎందుకు..."

అక్కడితో ఆపేసింది. కుర్రాడి చొక్కాలో మొహం దాచుకుంది. కట్ అన్నారు.

తలెత్తి చూసేసరికి వర్షిణి చెయ్యి ఆ పిల్ల నోటికి అడ్డంగా ఉంది. ఎప్పుడు దింపిందో తెలియదు. నోరా ఆ పిల్ల వైపు తిరిగింది. "స్క్రిప్టులో ఉన్నవేనా అవి?"

"కాదు."

"మరేమిటి?"

అబద్ధం చెప్పమని ప్రేమజ్యోతి కళ్లతో అడగలేదు, అడగాలని మాత్రం అనిపించింది. వర్షిణి చెప్పేసింది. "సరుకులు."

కెమెరా వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. నోరా మొహం గట్టిపడింది. అయిపోయింది, ఫ్రిజ్ మీద కాగితం ఊడింది అనుకుంది ప్రేమజ్యోతి. చిత్రమేమంటే అప్పుడు ఆమెకు ఏడుపు రాలేదు, మండుకొచ్చింది. పద్నాలుగేళ్లలో మొట్టమొదటిసారి నిజంగా నా భాషలో మాట్లాడాను కదే, అని అరవాలనిపించింది.

వర్షిణి స్టూలు దిగి నిలబడింది. స్క్రిప్టు పక్కన పడేసి, ఇంగ్లీషులో ఒక్కొక్క మాటా చెప్పడం మొదలుపెట్టింది. కొడుక్కి పెట్టాల్సిన పప్పు పొయ్యి మీద ఉందట. పులుసుకి నానబెట్టింది అలాగే ఉందట. ఇంక సరుకుల చీటీ ఎవరికి రాయాలి అని అడుగుతోంది. మా ఊళ్లో చనిపోయినవాళ్ల కోసం ఇలాగే ఏడుస్తారు, మా నానమ్మ కోసం మా అత్త ఇలాగే ఏడ్చింది. పడేసిన స్క్రిప్టు వైపు చూపించింది. "నేను రాసింది తప్పు. ఆవిడ ఏడ్చిందే రైటు."

ఇందాక కిసుక్కుమన్న మనిషి నేల చూపులు చూస్తున్నాడు. నోరా టైమెంతని అడిగింది. మూడూ నలభై, అన్నారు. నోరా వచ్చి ప్రేమజ్యోతి ముందు గొంతుక్కూర్చుంది.

"చివర ఏదో చెప్పబోయి మింగేశావు."

"ఏమీ లేదు."

"ముప్పై ఏళ్లుగా మొహాలే చూస్తున్నాను, నాకు తెలియదా? కెమెరా నీ మొహం దగ్గరికి తెస్తాను. ఒక్క టేకుకే టైముంది. అది మింగకుండా చెబితే విశాలాక్షి నీదే. సగం ఏడుపుతో పది ఎపిసోడ్లు నడవవు."

నోరా లేచి వెళ్లిపోయింది. ప్రేమజ్యోతికి ఆ క్షణాన ఆమెంటే అసహ్యం వేసింది. వేలు చూపించడం నుంచి గుండెలు బాదుకోవడం దాకా వీళ్లు అడిగినవన్నీ ఇచ్చింది. దేశాలకు దేశాలే మారింది. ఇదొక్కటీ తనది. ప్రార్థనలో దేవుడికి కూడా సగమే చెప్పుకుంది. దీన్ని పెద్ద లైటు కింద పెట్టి ముక్కూమొహం తెలియని జనానికి చూపించాలా? లేచి వెళ్లిపోవచ్చు. బస్ స్టాపు రెండు వీధుల అవతలే. ఏ బస్ స్టాపు అయినా ఇప్పుడు ఆమెకు ఆ బస్ స్టాపే.

కెమెరా జానెడు దూరానికి వచ్చింది. ప్రేమజ్యోతి ఇందాక మోకాలు పెట్టినచోటే సరిగ్గా మళ్లీ పెట్టింది, అలవాటు. మొదలుపెట్టమన్నారు. మళ్లీ కందిపప్పు, చింతపండు, ఉల్లిపాయలు. ఎక్కడ ఊపిరి బిగబట్టాలో, ఎక్కడ గొంతు జారవిడవాలో ఈసారి ఆమెకు తెలుసు, తెలియడం సిగ్గుగా అనిపించింది. మంచు దాకా వచ్చింది. చలి దాకా వచ్చింది. నిన్ను ఎందుకు, అని ఆగిపోయింది.

ఎవరూ కట్ అనలేదు. లెన్సు ఆమెనే చూస్తోంది. వంటింటి బల్లకి అవతల ఏ భావమూ లేని మొహంతో కూర్చున్న మనిషి ఆమెకు గుర్తొచ్చాడు. ఆయనెప్పుడూ అందించేవాడు కాదు. నీ వంతు జ్యోతీ.

"నిన్ను ఎందుకు పంపాను నాయనా! కరివేపాకు లేకపోతే కూర ఉడకదా? రేపు తెస్తాలే, ఇవాళ ఒంట్లో బాగాలేదన్నావు, నేనే వినలేదు. కట్ట కరివేపాకు కోసం నేనే పంపాను. నేనే పంపాను నాయనా, నేనే, నేనే పంపాను..."

కట్ అన్నాక కూడా ఆమె ఆ మాటే అంటూ ఉంది. శవం వేషం కుర్రాడు కళ్లు తెరిచి, ఏం చెయ్యాలో తోచక ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వర్షిణి పరుగున వచ్చి పక్కన కూలబడింది.

"చివర్లో ఏమంది?" నోరా మెల్లగా అడిగింది.

వర్షిణి నోరు విప్పలేదు. ప్రేమజ్యోతే కొంగుతో మొహం తుడుచుకుని, ఇంగ్లీషులో చెప్పింది. "కరివేపాకు."

"కరివేపాకా? అంతేనా?"

"అంతే."

మూడూ యాభై రెండుకు లైట్లు ఆర్పేశారు. అసిస్టెంటు రేపటి షెడ్యూలు కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. పొద్దున ఆరున్నరకి విశాలాక్షి రావాలని అందులో ఉంది. ప్రేమజ్యోతి దాన్ని మడిచి సంచీలో పెట్టుకుంది. ఇన్నేళ్లు ఎదురుచూసిన సంతోషం కూడా వచ్చింది, కాకపోతే దానికి కూర్చోడానికి చోటు లేకపోయింది.

వర్షిణి లాప్‌టాప్ ముందు పెట్టుకుని సబ్‌టైటిల్స్ టైపు చేస్తోంది. ఒకచోట చేతులు ఆగిపోయాయి. ఇటు తిరిగి గొంతు తగ్గించింది.

"ఆంటీ, అది... డైలాగ్ కాదు గద?"

ప్రేమజ్యోతి నుదుటి మీద బొట్టు తుడుచుకుంటోంది.

"మీరు వద్దంటే ఆ ఒక్క లైను వేరే ఏదన్న రాస్త ఆంటీ. ఎవరికీ తెల్వదు."

ఇన్నేళ్లూ ఎవరికీ తెలియదనే కదా, ప్రేమజ్యోతి అనుకుంది. తుడిచిన కాగితం చెత్తబుట్టలో వేసి, కోటు తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుంది.

"ఉన్నదున్నట్టు రాయమ్మా," అంది. "నేనే పంపాను అన్నాను చూడు, అది కూడా రాయి. ఊరికి తెలియొద్దా?"